'స్వాతిముత్యము' శివయ్యయు, మన యిండ్లలో చెప్పని మాటయు

ఈ సంచికకు చలనచిత్రమును గూర్చి ఒక విమర్శ వ్రాయుడని సంఘమువారు మమ్ము కోరిరి. కొత్తగా వచ్చిన దానిని గూర్చి వ్రాయుదుమని వారి యూహ కావచ్చును. మేము ఎన్నుకొన్నది 1986వ సంవత్సరమున వచ్చిన కె. విశ్వనాథ్ గారి 'స్వాతిముత్యము'. దానిని గూర్చి చెప్పదగిన మంచి మాటలు పెద్దలు చెప్పియే యున్నారు. ఏడిద నాగేశ్వరరావు గారు నిర్మించిన ఈ చిత్రము తెలుగు చిత్రములలో ఉత్తమమైనదిగా జాతీయ పురస్కారము నందెను; మన దేశము పక్షమున ఆస్కారు పోటీకి పంపబడెను. ఇళయరాజా సంగీతమును, కమల్ హాసన్ నటనమును మెచ్చనివాడు మన తాలూకాలలో దొరకుట కష్టము. కన్నడ సోదరులకు కూడ ఇది పరాయి కథ కాదు. 2003లో డి. రాజేంద్రబాబు దర్శకత్వమున సుదీప్, మీనా నటింపగా 'స్వాతిముత్తు' అను పేర కన్నడమున వచ్చినది. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురముల యందు ఒకే యింటిలో తల్లి కమల్ హాసనును, పిల్లలు సుదీపును తలచుకొని కన్నీరు తుడుచుకొనుట మేమెఱిగినదే.

అట్టి చిత్రమును ఇప్పుడు మరల తీయనేల యని యడుగవచ్చును. మా బంధువుల యింట జరిగిన ఒక సంగతి దానిని మరల చూచునట్లు చేసినది. చూచిన పిదప మా పాత మెప్పు కొంత తగ్గినది, కొంత పెరిగినది కూడ. ఆ సంగతి చెప్పక విమర్శ సాగదు. పేర్లు వ్రాయము, ఊరు చింతామణికి దగ్గఱిదని మాత్రము తెలిసిన చాలును.

ఆ యింటి కుమారునకు ఇరువదియేడేండ్లు. ఇంజనీరింగు చదివి బెంగుళూరున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. ఉగాదికి ఊరికి వచ్చి, భోజనములైన తరువాత తల్లిదండ్రులను కూర్చుండబెట్టి ఇట్లనెను: "అమ్మా, నాయనా, నాకు ఆటిజం ఉండాదేమో అనిపిస్తా ఉంది. బెంగుళూర్లో డాక్టరు దగ్గర చూపించుకోవల్లనుకున్నా. మీకు చెప్పి పోదామని."

తండ్రి మొదట నవ్వెనట. "సుమ్నే ఉండ్రా. ఆ జబ్బుండే పిల్లోళ్లకు మాటే రాదంట. నువ్వు నెలకింత సంపాదిస్తా ఉండావు. నువ్వేమన్నా స్వాతిముత్యం శివయ్యవా?" అనెను. తల్లి నవ్వలేదు. చాలసేపటికి "నేను నీకేం తక్కువ చేస్తిని రా?" అనెను.

మరునాడు మమ్ము పిలిపించిరి. ఇంగ్లీషు కాగితములు చదివి చెప్పువారమని ఆ యింట మాకొక పేరు కలదు. మేము పోయి, కాగితము లేవియు చదువకయే తీర్పు చెప్పితిమి. "మీ తాత కూడా ఇంతే కదప్పా, తలకాయెత్తి ఎవురితోనూ మాట్లాడేవాడు కాదు. కైవారం తాతయ్యను గూడా మొదట్లో చేతగానోడన్లేదా?" అని ఓదార్చితిమి. ఓదార్పు అనియే మేము తలచితిమి. ఆ బిడ్డ మాట్లాడక లేచి పెరటిలోనికి పోయి, తెల్లవారుజామున మొదటి బస్సునకు బెంగుళూరు చేరెను. మూడు నెలలు ఊరికి రాలేదు.

కైవారము మన సీమకు పుణ్యక్షేత్రము. గాజులమ్ముకొను నారాయణప్ప వ్యాపారము చేతగాక, ఇంట చీవాట్లు తిని, గురువు నాశ్రయించి యోగి నారేయణుడైన ఐతిహ్యము మనకు పసినాటి నుండియు తెలిసినదే. ఆయన తెలుగునను కన్నడమునను పాడిన కీర్తనలు నేటికిని మన భజనమందిరములలో వినబడుచున్నవి. అంతటి మహాత్ముని ఇప్పుడు పట్టుకొని వైద్యుల పేరొకటి తగిలించుట మాకు సమ్మతము కాదు. అయితే ఆ యుగాది నాడు మేము చేసిన పని దానికి తారుమారైన తప్పు. వైద్యుని మాట యడుగుచున్న పిల్లవానికి మహాత్ముని కథ చెప్పి నోరు మూయించితిమి. 'మీ తాత యింతే' యన్న మాటయు అట్టిదే. తాత ఇట్లే యుండినచో, ఆ తాత ఎట్లు బ్రదికెనో, లోలోపల నేమి పడెనో అడుగవలసినది. మేము ఆ మాటతో సంభాషణను ముగించితిమి.

ఇక చిత్రము. తండ్రి నోట శివయ్య పేరు వచ్చుట యాదృచ్ఛికము కాదు. ఆటిజమన నేమియని మన యిండ్లలో నడిగిన, కనుల ముందు నిలుచు రూపము ఆ ఒక్కటే. చిత్రము వచ్చిన నాడు శివయ్యను జనులు అమాయకుడు, బుద్ధి యెదుగనివాడు అనిరి. పిమ్మట దానిని గూర్చి వ్రాయువారు ఆయనను ఆటిజము గలవానిగా చెప్పుచున్నారు. నటుడు ఆ పాత్రకిచ్చిన నడకను, చూపును, పలుకులోని యెగుడుదిగుడును చూచినచో ఆ మాట పూర్తిగా తప్పనలేము. చెప్పినది చెప్పినట్లే యర్థము చేసికొనుట, లోకరీతిగా దాచవలసినది దాచలేకపోవుట, ఈ రెండింటిని ఆయన పట్టుకొన్న తీరు ఈనాటికిని మెచ్చదగినదే. శ్రీరామనవమి కల్యాణమున దేవుని పక్కనున్న మంగళసూత్రమును తీసి, బిడ్డతో కష్టపడుచున్న యువ వితంతువు లలిత మెడలో కట్టు ఘట్టము తెలుగు చిత్రములలో మఱచిపోరానిది. లోకము వెయ్యేండ్లు తర్కించినను తేలని ప్రశ్నను ఒకడు తర్కము లేకయే తేల్చివేసెను. మరల చూచినప్పుడు మా మెప్పు పెరిగిన దిచ్చటనే.

తగ్గినది మఱియొక చోట. శివయ్యకు తల్లిదండ్రులు లేరు. నిర్మలమ్మ గారు నటించిన నాయనమ్మ యొక్కతె యున్నది. ఆమె ఆయనను ఉన్నవానిని ఉన్నట్లే ప్రేమించును. కావున శివయ్య ఎవరికిని ఏమియు చెప్పవలసిన పని లేదు. ఆయనను గూర్చి అందఱును మాట్లాడుదురు: మేనమామ యింటివారు, ఊరివారు, లలిత, కడకు ప్రేక్షకులమైన మనము. ఆయన మాత్రము తన్ను గూర్చి తాను ఒక్క మాట చెప్పడు. జనసందడిలో ఆయన చెవులకెట్లుండునో, ఎవరైన కోపించినప్పుడు ఎందులకు కోపించిరో తెలియక రాత్రి యెంతసేపు మేలుకొనునో చిత్రము మనకు చూపదు. చిత్రము వృద్ధుడైన శివయ్యతో మొదలై వెనుకకు పోవును. (ఆ వృద్ధుని మనుమలలో ఒకడుగా కనబడు చిన్నవాడు నేటి అల్లు అర్జున్.) ఇంత జీవితము గడపి వృద్ధుడైనవాడు తన కథను తానే చెప్పుకొన్నను బాగుండెడిది. మనము శివయ్యను వెలుపలి నుండి ప్రేమించితిమి. స్వాతిచినుకు ముత్యమగుట కథ. ముత్యపుచిప్పలో నేమి నొప్పి కలిగెనో చెప్పుట వేఱు.

ఇది ఒక్క విశ్వనాథ్ గారి లోపమని మేమనుట లేదు. తరువాత మేము చూచిన హిందీ చిత్రముల యందును ఇదే చిత్రమైన పోలిక కనబడినది. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' బాలునిది ఆటిజము కాదు, అక్షరములను పట్టుకొనలేని వేఱొక యిబ్బంది. అచ్చట తల్లిదండ్రులకు చెప్పునది బాలుడు కాదు, ఉపాధ్యాయుడు. తండ్రి దానిని సాకు అని కొట్టివేయు ఘట్టము మాత్రము మా బంధువు ఇంటిలోనే తీసినట్లున్నది. 2010 నాటి 'మై నేమ్ ఈజ్ ఖాన్' నాయకుడు తన మాటలు తానే వ్రాసికొనును, ఆ మేలు దానికి దక్కవలెను. కాని ఆయన స్థితికి పేరు పెట్టునది అమెరికాలో మరదలు, అప్పటికి తల్లి చనిపోయినది. 2012 నాటి 'బర్ఫీ'లో ఆటిజము గల పిల్లను తల్లిదండ్రులే దూరముగా నొక ఆశ్రమమునకు పంపిరి. ఒకచోట తల్లిదండ్రులు లేరు. ఒకచోట చెప్పునది పరుడు. ఒకచోట తల్లి చనిపోయినది. ఒకచోట వినువారు కారు. ఎదిగిన బిడ్డ ఎదురుగా కూర్చుండి 'నేనిట్లున్నాను, కారణమేమో తెలిసికొనవలెను' అని కన్నవారితో చెప్పు ఘట్టము వీనిలో ఒక్కటియు లేదు. కథలు వ్రాయువారికి ఈ ఘట్టము కఠినమై యుండును. ఇండ్లలో నింకను కఠినము.

'స్వాతిముత్యము' వచ్చిన 1986లోనే అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అను స్త్రీ తన జీవితమును గూర్చి తొలి పుస్తకము ప్రకటించెను. 1947లో బోస్టనులో పుట్టిన ఈమెకు మూడున్నర యేండ్లు దాటువఱకు మాట రాలేదు. పిల్లను శాశ్వతముగా ఆశ్రమమున నుంచుమని సలహా వచ్చినను తల్లి యొప్పుకొనలేదు. తరువాత ఆమె పశువులను తోలు దారులు, దొడ్లు బెదురు లేకుండ నెట్లు కట్టవలెనో నిర్ణయించు శాస్త్రమున ఆచార్యురాలైనది. పశువు దేనికి బెదరునో తనకు తెలియుటకు కారణము తానును అట్లే బెదరుటయని చెప్పినది. పసితనమున బడిగంట మ్రోత ఎట్లుండెనో, గరుకు గుడ్డ ఒంటికెట్లు తగిలెనో, తల్లి కౌగిలి కావలెననియుండియు ఎందులకు ఓర్వలేకపోయెనో లోపలి నుండి చెప్పిన తొలివారిలో ఈమె యొకతె. అదే యేట మనము కన్నీరు కార్చుచు వెలుపలి నుండి చూచుచుంటిమి. రెండును మంచి పనులే. కాని మా బంధువుల బిడ్డకు కావలసినది రెండవ విధమైన మాట. అతనికి తెలుగున దొరకినది మొదటి విధమైన బొమ్మ.

ఇక 'నేను నీకేం తక్కువ చేస్తిని' అను తల్లి మాట. కొడుకు ఆమెను నిందింపలేదు. ఆమెకు నింద వినబడినది. ఇది ఆమె పొరపాటు మాత్రమే కాదు. ఈ నిందకు చదువుకొన్నవారి వ్రాతలలోనే ఒక చరిత్ర కలదు. లియో కానర్ అను వైద్యుడు 1943లో పదునొకండుగురు పిల్లలను వర్ణించి ఆటిజమును లోకమునకు తెలిపెను. ఆ పిల్లల తల్లిదండ్రులు వాత్సల్యము తక్కువైన చల్లని మనుష్యులని వ్రాసినవాడును ఆయనయే. దానిని పట్టుకొని బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఏకముగా ఒక గ్రంథమునే వ్రాసి తల్లులను బోనెక్కించెను. దానికి మూడేండ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, తానే యొక ఆటిజము గల బాలుని తండ్రి, ఇది పెంపకపు దోషము కాదు, పుట్టుకతో వచ్చు దేహధర్మమని వాదించి యుండెను. 1969లో తల్లిదండ్రుల సభయందు కానర్ స్వయముగా వారిని నిర్దోషులని ప్రకటించెను. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైఖేల్ రటర్ అనువారు 21 జతల కవలలను పరిశీలించి ఇందు వంశగుణమునకు పెద్ద పాత్ర గలదని చూపిరి. అంత పెద్ద చదువులవారికి తల్లిని విడిచిపెట్టుటకు ఇరువదియాఱేండ్లు పట్టినది. చింతామణి దగ్గఱి పల్లెలో నొక తల్లికి మూడు నెలలు పట్టుట విడ్డూరము కాదు.

ఇచ్చట నొక హాస్యము కూడ జరిగినది. ఈ వంశగుణపు మాట మేము ఆ యింట చెప్పగానే తల్లి ముఖము తేలికపడినది గాని, "అయితే ఇది మీ కొంపలోనుంచి వచ్చిందా, మా కొంపలోనుంచి వచ్చిందా" అని దంపతులకు నాలుగు రోజులు వాదము నడచినది. ఒక నిందను తీసిన మఱియొకటి ఆ చోట కూర్చుండును. తండ్రి బాధ వేఱు: పెండ్లి కావలసిన కూతురు ఇంటనున్నది. 'ఈ మాట బాగేపల్లి దాకా పోయిందంటే సంబంధం నిలుస్తుందా' యని ఆయన మమ్మడిగెను. ఆయన భయమును మేము తేలికగా తీసివేయజాలము. మన సీమలో సంబంధములు ఎట్లు కుదురునో, ఎట్లు తప్పునో మేమెఱుగుదుము. కాని పరీక్ష చేయించుకొన్నవాని కాగితము అతని సొత్తు. ఊరికి చదివి వినిపింపవలసిన దస్త్రము కాదు.

భాషను గూర్చి చెప్పవలసినది మిగిలినది. ఈ సంఘము ఉన్నది దానికొఱకే గనుక కొంత విస్తరించి వ్రాయుటకు పాఠకులు క్షమింతురు గాక.

మూడు నెలల పిదప ఆ బిడ్డ ఊరికి రాలేదు, జాబు వ్రాసెను. మన పిల్లలందఱివలెనే అతడు ఇంట తెలుగు మాట్లాడి, బడిలో కన్నడము చదివి, ఉద్యోగమున ఇంగ్లీషు వ్రాయువాడు. తెలుగు లిపి రాదు. కావున జాబు కన్నడ లిపిలో, మాటలు తెలుగులో. ఇట్టి జాబులు మన యిండ్లలో పెట్టెల నిండ నున్నవి. పండితులు నవ్వవచ్చును గాని తల్లికి చదువను వచ్చినది. ఆ జాబులో ఆటిజము అను మాట ఎక్కడను లేదు. సంగతులే యున్నవి. జాతరలో తప్పెట్లు కొట్టినప్పుడు చెవులు మూసికొని పరుగెత్తినందులకు దెబ్బలు తిన్నది. ఉగాది కొత్త చొక్కా మెడ వెనుక కుట్టిన గుడ్డముక్క రోజంతయు గీరుచుండినది. విస్తరిలో చారు పారి ఓళిగకు తగిలినచో ఇక ముద్ద దిగకపోయినది. మేనత్త పెండ్లిలో మూడు గంటలు మోటారు గదిలో దాగినది. ఆఫీసులో పక్కవారు నవ్వినప్పుడు ఎందులకో తెలియక తానును నవ్వుచు, ఇంటికి పోయి చీకటిలో కూర్చుండునది. "మీరు నన్ను మొండోడంటిరి. నేను మొండితనం చేయలేదమ్మా, నాకు నొప్పి పుట్టింది" అని యొక వాక్యము. ఆ వాక్యము వద్ద మా కంఠము పూడుకొనినది. జాబు చదువుచున్నది మేమే.

మన మాటలలో నితనికి దొరకిన పేర్లను చూడుడు: మొండి, తిక్క, ఒంటిగాడు, పిచ్చిమారాజు. అన్నియు వెలుపలివారు పెట్టినవి. బడిలో కన్నడ పిల్లలు 'పెద్ద' యనెడివారట. కన్నడమున పెద్ద యనగా మొద్దు. తెలుగు మాత్రమే తెలిసిన నాయనమ్మ అది విని, మనుమని బడిలో పెద్ద యని గౌరవించుచున్నారని ఊరంతయు చెప్పుకొనెనట. కన్నడ కాగితములలో ఇప్పుడు 'స్వలీనతె' యని వ్రాయుచున్నారు. మనవారు ఆటిజము అనియే వాడుచున్నారు. 'తాను' అను నర్థముగల గ్రీకు మాట నుండి స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ 1911 ప్రాంతమున వేఱొక సందర్భమున కల్పించిన పేరది. ఏ పేరైనను తండ్రికి తెలిసిన బొమ్మను లేపునే గాని కొడుకు బాధను తెలుపదు. ఉగాది నాడు అతడు పేరుతో మొదలుపెట్టెను, మాట నిలువలేదు. జాబున పేరు విడిచి సంగతులు చెప్పెను, తల్లికి తెలిసినది. ఆమె వానిలో చాలవఱకు కన్నులార చూచినదే.

జాబు విన్న తరువాత ఆమె తానుగా చెప్పనారంభించినది. మూడేండ్లు నిండినను పిల్లవాడు అమ్మా యనలేదు. చింతపిక్కలను గోడ పొడుగున వరుసగా పేర్చెడివాడు. ఒకటి జరిపిన ఊరెగిరిపోవునట్లు ఏడ్చెడివాడు. మాట వచ్చిన తరువాత చింతామణి నుండి హొసకోట వఱకు బస్సు నిలుచు ఊర్లన్నియు తప్పు లేకుండ వల్లించెడివాడు. తాయెత్తు కట్టించినది. మ్రొక్కు చెల్లించినది. కడకు ఇంటి పెద్దలు చెప్పిరట: ఇంట తెలుగు, అంగనవాడిలో కన్నడము, రెండు భాషలు కలిసి బిడ్డ నాలుక ముడిపడినది, నీవు తెలుగు మానుమని. ఆ తల్లి ఒక యేడంతయు తన కొడుకుతో తెలుగు మాట్లాడలేదు. తనకు సరిగా రాని కన్నడమున అతనికి అన్నము పెట్టినది, నిద్రపుచ్చినది. లాలిపాట కన్నడమున తెలియక పాడుట మానివేసినది. ఇరువదినాలుగేండ్లు ఈ మాట ఎవరికిని చెప్పలేదు, చెప్పిన తప్పు తనదే యని తేలునను భయముతో.

పాఠకులు దీనిని గట్టిగా గుర్తుంచుకొనవలెనని మా మనవి. ఇంట రెండు భాషలుండుట చేత ఆటిజము రాదు. ఆటిజము గల పిల్లలకు రెండవ భాష వలన మాట మఱింత వెనుకబడునని పరిశోధనలు చూపలేదు. తెలుగు మానుమని నేటికిని మన పల్లెలలో తల్లులకు సలహా చెప్పువారున్నారు. చదువుకొన్నవారు కూడ చెప్పుచున్నారు. ఆ సలహా వలన పిల్లవానికి మాట త్వరగా రాదు. తల్లి మాట మాత్రము పోవును. 'స్వాతిముత్యము'న లలిత పాడు లాలిపాటను మరల విన్నప్పుడు మాకు ఆ కథ కన్న ఈ పాడని తల్లియే గుర్తుకు వచ్చినది.

ఈమె జ్ఞాపకములు ఎందులకు పనికివచ్చునో అప్పటికి ఆమెకు తెలియదు. ఆటిజమును తేల్చుటకు రక్తపరీక్ష లేదు, తలకు తీయు స్కాను లేదు. వైద్యుడు మనిషిని చూచి, మాట్లాడించి, అతని పసితనమును గూర్చి విచారించును. తొలి మాట ఎప్పుడు వచ్చినది, వ్రేలితో చూపి అడిగెడివాడా, తోటి పిల్లలతో ఆడెనా, ఏ శబ్దమునకు బెదరెను? పెద్దవయస్సున వచ్చినవానికి ఇవి గుర్తుండవు. తల్లికి గుర్తుండును. కచేరీలో జీవితము గడపినవారమగుటచే మాకు ఫారముల భాష తెలియును: ఆ గడులు నింపగలిగిన సాక్షి ఇంటనే యున్నది. కొడుకు 'మీకు చెప్పి పోదామని' యనుటలో మర్యాదయే కాదు, అవసరమును ఉన్నదని మేము తరువాత గ్రహించితిమి. తల్లిదండ్రులు లేనివారికిని, రానివారికిని పరీక్ష జరుగకపోదు. బడి పుస్తకములు, తోబుట్టువుల మాటలు కొంత సాయపడును.

సందేహము నిశ్చయము కాదు. చదివినది తనకు సరిపోయినట్లు తోచుట ఒకటి, వైద్యుడు తేల్చుట మఱియొకటి. ఆందోళన, ఏకాగ్రత నిలువకపోవుట వంటి వేఱు కారణములు బయటపడవచ్చును. జిల్లాలలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద నడచు కేంద్రములు పదునెనిమిదేండ్ల లోపు వారికొఱకు ఏర్పడినవి. పెద్దవారు మానసిక వైద్యుని గాని, క్లినికల్ సైకాలజిస్టును గాని చూడవలెను; మనకు బెంగుళూరు నిమ్హాన్స్ దూరము కాదు. ఎచ్చటికి పోవలెనో తోచనివారికి 14416 అను టెలిమానస్ దూరవాణి 2022 అక్టోబరు నుండి కలదు. తెలుగునను కన్నడమునను మాట్లాడుదురు. చట్టమును గూర్చి ఒక మాట: 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున ఆటిజము పేరు ఉండెను, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో దీనిని చేర్చినది. సర్కారు రాయితీలలో పెక్కింటికి నూటికి నలువది పాళ్లకు తగ్గని వైకల్యమని ధ్రువపత్రము కావలెను. పరీక్షలో ఆటిజమని తేలిన ప్రతివానికి అది రాదు. మా బంధువుల బిడ్డకు రాయితీ అక్కఱలేదు. ఆఫీసున మూలగా నుండు బల్ల నొకదానిని అడుగుటకు తనకు ధైర్యము కావలెననెను.

ఇంత చెప్పి మరల శివయ్య వద్దకు రాకతప్పదు. ఆ తండ్రి ఇప్పటికిని 'వాడేం శివయ్య కాదు' అనుచున్నాడు. అది నిజమే. ఆటిజము గలవారందఱును శివయ్యలు కారు. కొందఱు మాట్లాడరు, కొందఱు మాటలాపరు, కొందఱికి నిత్యము ఒకరి తోడు కావలెను, కొందఱు బెంగుళూరున ఇల్లు అద్దెకు తీసికొని ఒంటిగా వండుకొని తినుచున్నారు. ఒక్క చిత్రము ఇందఱికి బొమ్మ కాజాలదు. కావలెనని విశ్వనాథ్ గారు ఎన్నడును అనలేదు. దానిని కొలబద్దగా చేసికొన్నది మనము. మా విమర్శ చిత్రముపై నున్నంత ప్రేక్షకులపైనను ఉన్నది. ఆ ప్రేక్షకులలో 1986లో చింతామణిలో ముందు వరుస బెంచీపై కూర్చుండి ఏడ్చిన మేమును ఉన్నాము.

పరీక్షలో నేమి తేలెనో మేమిచ్చట వ్రాయము. అది ఆ బిడ్డ చెప్పుకొనవలసిన సంగతి. వారు బయలుదేరిన నాడు మేము చింతామణి బస్సు స్టాండు వఱకు తోడు పోయితిమి. తండ్రి రాలేదు; టమాట మండీకి పోవలెననెను. తల్లి చేతి సంచిలో ఒకటవ తరగతి నుండి దాచిన మార్కుల కార్డులు, ఒక పాత పలక, ఒక గుడ్డమూట యున్నవి. మూటలో నేమనగా చింతపిక్కలనెను. డాక్టరమ్మ అడిగితే చూపించవల్ల కదా, అనెను. బస్సు కదలిన తరువాత కిటికీలో నుండి ఆమె కొడుకుతో నేదో చెప్పుచుండెను. తెలుగుననే.